ఇండక్షన్ మోటారును ఎలా ఎంచుకోవాలి, కాలిపోకుండా ఎలా చూసుకోవాలి

మోటారు కొనేటప్పుడు అందరూ ముందు చెప్పేది హార్స్‌పవర్. నిజానికి అది లెక్క చివర తేలాల్సిన అంకె. దానికంటే ముందు ఆ మోటారు ఏ యంత్రాన్ని తిప్పాలి, ఎంత వేగంతో తిప్పాలి, రోజుకు ఎన్ని గంటలు నడవాలి, దుమ్ములో ఉంటుందా తడిలో ఉంటుందా అన్నవి కాగితం మీద రాసుకోండి. రీవైండింగ్‌కు (కాలిన తీగ చుట్లు తీసి కొత్తవి చుట్టడానికి) వచ్చే మోటార్లలో చాలావాటికి తయారీ లోపం ఏమీ ఉండదు. పనికి తగని మోటారు పెట్టడం, ఎక్కువ కరెంటు లాగితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలేను ఇష్టమొచ్చినట్టు తిప్పడం, గ్రీజు మరీ ఎక్కువ కొట్టడం లాంటి చిన్న తప్పులే వాటిని కాల్చేస్తాయి.

లోడు లెక్క ఎలా వేయాలి

ముందు యంత్రం స్వభావం చూడండి. ఫ్యాన్లు, సెంట్రిఫ్యూగల్ పంపులు తేలిగ్గానే కదులుతాయి, వేగం పెరిగేకొద్దీ ఎక్కువ పవర్ అడుగుతాయి. వేగం రెట్టింపైతే వాటికి 8 రెట్ల పవర్ కావాలి. కన్వేయర్లు, పిస్టన్ కంప్రెసర్లు, హాయిస్టులు మొదటి చుట్టు నుంచే పూర్తి టార్క్ (తిప్పే బలం) కోరతాయి. క్రషర్లు, ఫ్లైవీల్ ఉన్న ప్రెస్సులు పూర్తి వేగం అందుకోవడానికే చాలా సెకన్లు తీసుకుంటాయి. అంతసేపూ మోటారు మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతూనే ఉంటుంది. ఈ మూడో రకానికి ఒక్క హార్స్‌పవర్ చూసి కొంటే సరిపోదు. స్టార్టింగ్ టార్క్ ఎంతో తయారీదారు కేటలాగులో చూడాలి.

పంపు లెక్క సులువు. సెకనుకు ఎన్ని లీటర్లు, ఎన్ని మీటర్ల హెడ్ (నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు) అన్నవి తెలిస్తే చాలు. లీటర్లను మీటర్లతో, తర్వాత 9.81తో గుణించి 1000తో భాగిస్తే నీటికి కావలసిన కిలోవాట్లు వస్తాయి. సెకనుకు 5 లీటర్లు, 30 మీటర్ల హెడ్ అనుకుంటే 1.47 కిలోవాట్లు. పంపు ఎఫిషియెన్సీ 60 శాతమైతే షాఫ్టు దగ్గర 2.45 కిలోవాట్లు కావాలి. దానికి 15 శాతం మార్జిన్ కలిపితే 2.82. అంటే 3 కిలోవాట్ల మోటారు చాలు, ఆ సైజు దొరక్కపోతే 3.7. హెడ్ లెక్కలో పైపు ఘర్షణ, బెండ్లు, వాల్వుల నష్టం కలపడం మాత్రం మరవకండి. ఒక హార్స్‌పవర్ అంటే 0.746 కిలోవాట్.

'ఎందుకైనా మంచిది' అని ఇదే పంపుకి 7.5 కిలోవాట్ల మోటారు పెట్టారనుకోండి. అది మూడో వంతు లోడు మీదే నడుస్తుంది. ఎఫిషియెన్సీ కొంత, పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో పనికొచ్చే వంతు) బాగా పడిపోతాయి. మోటారు ఎక్కువగా 60 నుంచి 100 శాతం లోడు మధ్య నడిచేలా ఎంచుకోండి.

ఇప్పటికే నడుస్తున్న మోటారు లోడు చూడాలంటే చాలామంది టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) పెట్టి, కరెంటు సగం ఉంటే లోడూ సగమే అనుకుంటారు. అది తప్పు. లోడు ఏమీ లేకపోయినా అయస్కాంత క్షేత్రం కోసం మోటారు ఫుల్ లోడు కరెంటులో 30 నుంచి 50 శాతం లాగుతుంది. కరెంటు సగమే ఉందంటే లోడు చాలా తక్కువ ఉన్నట్టు. సరైన అంకె కావాలంటే పవర్ మీటరుతో కిలోవాట్లే కొలవాలి.

వేగం, టార్క్

50 హెర్ట్జ్ సప్లై మీద 2 పోల్ (రెండు అయస్కాంత ధ్రువాల) మోటారు సింక్రనస్ వేగం, అంటే లోపల అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం, 3000, 4 పోల్‌ది 1500, 6 పోల్‌ది 1000, 8 పోల్‌ది 750 ఆర్‌పీఎం. 120ని ఫ్రీక్వెన్సీతో గుణించి పోల్ సంఖ్యతో భాగిస్తే ఈ అంకెలు వస్తాయి. స్లిప్ వల్ల, అంటే రోటర్ (లోపల తిరిగే భాగం) ఆ క్షేత్రం కంటే కాస్త వెనకబడడం వల్ల, అసలు వేగం కొంచెం తక్కువ. అందుకే 4 పోల్ నేమ్‌ప్లేట్ మీద 1440 అనో 1460 అనో ఉంటుంది.

టార్క్ కావాలంటే 9550ని కిలోవాట్లతో గుణించి ఆర్‌పీఎంతో భాగించండి. 7.5 కిలోవాట్లు, 1440 ఆర్‌పీఎం అయితే దాదాపు 50 న్యూటన్ మీటర్లు. అదే పవర్ 2880 ఆర్‌పీఎం మోటారులో 25 మాత్రమే. తక్కువ వేగపు మోటారు ఒళ్లు పెద్దది, ధర ఎక్కువ కావడానికి కారణం ఇదే.

పాత మోటారు తీసి ఎక్కువ ఎఫిషియెన్సీ ఉన్న కొత్తది పెట్టేటప్పుడు పట్టించుకోని విషయం ఒకటుంది. కొత్తదానికి స్లిప్ తక్కువ కాబట్టి కాస్త వేగంగా తిరుగుతుంది. 1440 బదులు 1460 తిరిగితే ఫ్యాన్ లాగే పవర్ 4 శాతం పెరుగుతుంది. అంటే ఆదా అవుతుందనుకున్నదాంట్లో కొంత అక్కడే పోతుంది. బెల్ట్ డ్రైవ్ అయితే మోటారు పుల్లీని ఆ మేరకు చిన్నది చేయండి.

నేమ్‌ప్లేట్ చదవడం

వోల్టేజీ దగ్గర డెల్టా గుర్తు, స్టార్ గుర్తు పక్కపక్కన ఉంటాయి. ఇవి మూడు వైండింగులను కలిపే రెండు పద్ధతులు. డెల్టాలో 230, స్టార్‌లో 400 అని రాసి ఉంటే, 400 వోల్టుల సప్లై మీద ఆ మోటారును స్టార్‌లోనే కలపాలి. డెల్టాలో కలిపితే కాసేపట్లోనే కాలిపోతుంది. డెల్టాలో 400 అని ఉన్నదాన్ని స్టార్‌లో వదిలేస్తే టార్క్ మూడో వంతే వస్తుంది. తేలిక లోడు మీద బాగానే తిరుగుతున్నట్టు కనిపించి, అసలు లోడు పడగానే వేడెక్కుతుంది. టెర్మినల్ బాక్సులో ఆరు స్టడ్‌లు ఉంటాయి. పై వరుసను కింది వరుసతో మూడు పట్టీలు నిలువుగా కలిపితే డెల్టా, ఒకే వరుసలోని మూడింటినీ అడ్డంగా కలిపితే స్టార్. అయినా మూత లోపలి బొమ్మతో ఒకసారి సరిచూసుకోండి.

ఇన్సులేషన్ క్లాసు ముఖ్యమైన అంకె. బీ క్లాసు వైండింగ్ 130 డిగ్రీల సెల్సియస్ దాకా, ఎఫ్ 155 దాకా, హెచ్ 180 దాకా తట్టుకుంటుంది. ఎఫ్ క్లాసు ఇన్సులేషన్ ఉండి, బీ క్లాసు వేడి మాత్రమే పుట్టేలా తయారైన మోటారు దొరికితే అదే తీసుకోండి. వైండింగ్ 10 డిగ్రీలు ఎక్కువ వేడి మీద నడిస్తే ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఈ రంగంలో స్థిరపడిన లెక్క. మోటారుకు అన్నిటికంటే పెద్ద శత్రువు వేడి. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు దాన్ని తగ్గించడానికే.

చుట్టూ ఉండే గాలి వేడి 40 డిగ్రీలు దాటినా, సముద్ర మట్టానికి 1000 మీటర్లకు పైన పెట్టినా నేమ్‌ప్లేట్ పవర్ పూర్తిగా వాడకూడదు. ఐపీ నంబరులో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీ55 అంటే దుమ్ము హాని చేసేంతగా లోపలికి పోదు, నీళ్ల ధార పడినా తట్టుకుంటుంది. డ్యూటీ ఎస్1 అంటే ఆగకుండా నడవగలది. ఎస్3, 40 శాతం అని ఉంటే 10 నిమిషాల్లో 4 నిమిషాలే నడవాలి. హాయిస్టు మోటారును తెచ్చి పంపుకు కలిపితే కాలేది ఇందుకే.

ఫ్రేమ్ నంబరు 132 అంటే పాదం అడుగు నుంచి షాఫ్టు మధ్యకు 132 మిల్లీమీటర్లు. బీ3 అంటే పాదాల మీద నిలబడేది, బీ5 అంటే ఫ్లాంజ్, వీ1 అంటే షాఫ్టు కిందికి వేలాడే నిలువు ఫ్లాంజ్.

ఎఫిషియెన్సీకి ఎక్కువ డబ్బు పెట్టాలా

గంటలే చెబుతాయి. 7.5 కిలోవాట్ల 4 పోల్ మోటారుకు 50 హెర్ట్జ్ దగ్గర ఎఫిషియెన్సీ తరగతి ఐఈ1 అయితే 86.0 శాతం, ఐఈ2 అయితే 88.7, ఐఈ3 అయితే 90.4. ఫుల్ లోడు మీద ఏడాదికి 6000 గంటలు నడిస్తే ఐఈ1 కంటే ఐఈ3 సుమారు 2,500 యూనిట్లు తక్కువ లాగుతుంది. అదే మోటారు ఏడాదికి 300 గంటలే నడిస్తే ఆదా 130 యూనిట్లు కూడా దాటదు. ఎక్కువ గంటలు తిరిగే చోట ఐఈ3కి తగ్గకండి. అప్పుడప్పుడూ నడిచే చోట ఆ డబ్బు మంచి రిలే మీద పెట్టడం మేలు.

స్టార్టరు, రిలే

పూర్తి వోల్టేజీ ఒకేసారి ఇచ్చే డైరెక్ట్ స్టార్టరుతో మోటారు ఫుల్ లోడు కరెంటుకు 6 నుంచి 7 రెట్లు లాగుతుంది. కేబుల్, సప్లై దాన్ని భరిస్తే ఇదే సులువైన పద్ధతి. స్టార్‌లో మొదలెట్టి తర్వాత డెల్టాలోకి మార్చే స్టార్-డెల్టా స్టార్టరులో లైన్ కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది, టార్క్ కూడా మూడో వంతే. పంపులకు, డ్యాంపర్ మూసి మొదలెట్టే ఫ్యాన్లకు సరిపోతుంది. నిండా సరుకున్న కన్వేయర్‌కు పనికిరాదు. అది స్టార్‌లో మూలుగుతూ నిలబడిపోతుంది, టైమర్ డెల్టాలోకి మార్చగానే డైరెక్ట్ స్టార్టరంత దెబ్బ తగులుతుంది. వేగం ఇక పెరగకుండా నిలకడైన తర్వాతే డెల్టాలోకి మారేలా టైమర్ పెట్టండి.

వేగం మారుస్తూ నడపాల్సిన చోట వీఎఫ్‌డీ (సప్లై ఫ్రీక్వెన్సీ మార్చి వేగం మార్చే డ్రైవ్) వాడతారు. అలాంటి మోటారు తక్కువ వేగంలో తిరుగుతున్నప్పుడు వెనక ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. కన్వేయర్ లాంటి లోడు లాగుతూ సగం కంటే తక్కువ వేగంలో ఎక్కువసేపు నడవాలంటే విడిగా మోటారున్న కూలింగ్ ఫ్యాన్ కావాలి. వీఎఫ్‌డీ వల్ల షాఫ్టులో పుట్టే వోల్టేజీ బేరింగుల గుండా దూకి, వాటి దారుల మీద సన్నని అడ్డ గీతలు పెడుతుంది. పెద్ద మోటార్లలో వెనక వైపు ఇన్సులేటెడ్ బేరింగ్, షాఫ్టు గ్రౌండింగ్ రింగ్ పెట్టేది దీనికే. మోటారుకు షీల్డు ఉన్న కేబులే లాగండి.

ఓవర్‌లోడ్ రిలేను నేమ్‌ప్లేట్ ఫుల్ లోడు కరెంటు దగ్గర పెట్టాలి. స్టార్-డెల్టా స్టార్టరులో రిలే వైండింగ్ దారిలో ఉంటే ఆ కరెంటును 0.58తో గుణించి వచ్చిన అంకె పెట్టాలి. ఉదాహరణకు 15 ఆంపియర్ల మోటారుకు 8.7. ఇక్కడ 15 పెట్టేస్తే రిలే ఉన్నా లేనట్టే. రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే సెట్టింగ్ పెంచకండి, కారణం వెతకండి. ఒక ఫేజు పోయినప్పుడు వెంటనే ఆపే రక్షణ రిలేలో ఉందో లేదో కూడా చూసి కొనండి.

బిగించేటప్పుడు

1. సప్లై ఆపి, స్విచ్‌కు తాళం వేసి, టెస్టరుతో కరెంటు లేదని తేల్చుకున్నాకే టెర్మినల్స్ ముట్టుకోండి.

2. నాలుగు పాదాలూ బేస్ మీద సమంగా ఆనాలి. బోల్టులు బిగించాక ఒక్కొక్కటే వదులు చేస్తూ, డయల్ గేజి పెట్టి చూడండి. పాదం 0.05 మిల్లీమీటరు కంటే ఎక్కువ లేస్తే కింద షిమ్ (పల్చని లోహపు రేకు) పెట్టండి. ఇలా చూడకుండా బిగిస్తే బాడీ మెలిపడి, రోటర్ చుట్టూ గాలి సందు ఒకవైపు సన్నబడుతుంది.

3. మోటారు షాఫ్టును యంత్రం షాఫ్టుతో కలిపే కప్లింగ్‌ను డయల్ గేజితోనో లేజరుతోనో సరిచేయండి. 1500 ఆర్‌పీఎం దగ్గర రెండు షాఫ్టుల పక్క తేడా 0.05 మిల్లీమీటరులో ఉంటే మంచిది. రబ్బరు కప్లింగ్ తేడాను సర్దుకుంటుందని చెబుతారు. కప్లింగ్ సర్దుకుంటుంది గానీ, బేరింగ్ సర్దుకోదు.

4. వీ బెల్ట్ అయితే రెండు పుల్లీల మధ్య దూరంలో ప్రతి 100 మిల్లీమీటర్లకు 1.6 మిల్లీమీటర్లు వంగాలి. దానికి ఎంత బలంతో నొక్కాలో బెల్ట్ పట్టికలో ఉంటుంది. మరీ బిగిస్తే ముందు పోయేది పుల్లీ వైపు బేరింగే.

5. వెనక ఫ్యాన్ కవర్‌కు, గోడకు మధ్య గాలి ఆడేంత ఖాళీ వదలండి. కేబుల్ గ్లాండ్ కిందికి లేదా పక్కకు ఉండాలి, పైకి ఉంటే నీళ్లు దిగుతాయి. ఎర్త్ వైరును బాడీ మీదున్న ఎర్త్ బోల్టుకే బిగించండి.

6. మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెట్టండి. 415 వోల్టుల మోటారుకు 500 వోల్టుల మెగ్గర్ చాలు. వీఎఫ్‌డీ ఉంటే వైర్లు ముందు విప్పాలి, లేకపోతే డ్రైవ్ పాడవుతుంది. 40 డిగ్రీల దగ్గర కనీసం 5 మెగోమ్‌లు ఉండాలి. వైండింగ్ 10 డిగ్రీలు వేడెక్కితే రీడింగ్ సగమవుతుంది. 30 డిగ్రీల దగ్గర 8 మెగోమ్‌లు చూపించిందంటే 40 దగ్గర అది 4 మాత్రమే. పరీక్ష అయ్యాక వైండింగ్‌ను ఎర్త్‌కు తగిలించి డిశ్చార్జ్ చేయండి.

7. యంత్రానికి కలపకుండా ఒక క్షణం తిప్పి దిశ చూడండి. తప్పుగా ఉంటే ఏవైనా రెండు ఫేజులు మార్చండి. తర్వాత లోడు మీద మూడు ఫేజుల కరెంటు, వోల్టేజీ, బేరింగుల దగ్గర వేడి కొలిచి రాసిపెట్టుకోండి. రేపు తేడా వస్తే పోల్చి చూడడానికి ఈ కాగితమే ఆధారం.

వోల్టేజీ తేడా మీద ఒక మాట. మూడు లైన్ల మధ్య 400, 410, 420 వస్తున్నాయనుకోండి. సగటు 410, ఎక్కువ తేడా 10, అంటే 2.4 శాతం. చిన్నదిగా కనిపిస్తుంది. ఆ శాతాన్ని వర్గం చేసి రెండింతలు చేస్తే వైండింగ్ వేడి ఎంత శాతం పెరుగుతుందో సుమారుగా తెలుస్తుంది. ఇక్కడ 12 శాతం. 1 శాతం దాటిన తేడాకు కారణం వెతకాల్సిందే. లూజు జాయింటు, కాలిన కంటాక్టర్ పాయింటు, ఒకే ఫేజు మీద పడ్డ సింగిల్ ఫేజు లోడ్లు మామూలుగా దొరికే దోషాలు.

నడుస్తున్న మోటారు సంరక్షణ

వారానికోసారి ఫిన్స్ మీద దుమ్ము, ఫ్యాన్ కవర్ జాలీ తుడవండి. మట్టి, నూనె కలిసి పేరుకున్న పొర దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. పైపైన రంగు మీద రంగు వేయడమూ మంచిది కాదు. చెయ్యి పెట్టి వేడి అంచనా వేయకండి. ఎఫ్ క్లాసు మోటారు బాడీ 70 డిగ్రీల దగ్గర ఉండడం మామూలే, చెయ్యి మాత్రం ఆగదు. అదే లోడు మీద ముందు రాసిపెట్టిన రీడింగుతో పోల్చండి.

టెర్మినల్ బాక్సు ఆరు నెలలకోసారి తెరిచి నట్లు చూడండి. రంగు మారిన లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క), కరిగిన ఇన్సులేషన్ కనబడితే అక్కడ కాంటాక్టు వదులైనట్టు. లగ్గు కోసి కొత్తది వేయండి.

గ్రీజు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. గ్రీజు తక్కువై పోయే బేరింగుల సంగతి అందరికీ తెలుసు, ఎక్కువై పోయేవీ తక్కువేమీ కావు. నిండా కూరిన గ్రీజును బాల్స్ చిలుకుతాయి, అది వేడెక్కుతుంది, నూనె విడిపోతుంది, మిగిలింది సీలు దాటి వైండింగ్ మీదికి పోతుంది. సరైన కొలత బేరింగ్ బయటి వ్యాసాన్ని వెడల్పుతో, తర్వాత 0.005తో గుణిస్తే గ్రాముల్లో వస్తుంది, రెండూ మిల్లీమీటర్లలో ఉండాలి. 6308 బేరింగ్‌కు బయటి వ్యాసం 90, వెడల్పు 23, కాబట్టి సుమారు 10 గ్రాములు. మీ గ్రీజు గన్‌తో 10 సార్లు కొట్టి తూకం వేయండి, ఒక్క స్ట్రోకుకు ఎన్ని గ్రాములో తెలుస్తుంది. ఆ అంకె గన్ మీదే రాసిపెట్టండి.

కొట్టే ముందు నిప్పిల్ శుభ్రంగా తుడవండి, కింది డ్రెయిన్ ప్లగ్ తీయండి, మెల్లగా కొట్టండి. తర్వాత అరగంటో గంటో ప్లగ్ తీసే నడపండి, ఎక్కువైంది బయటికి వస్తుంది. అప్పుడు ప్లగ్ బిగించండి. లిథియం గ్రీజు ఉన్నచోట పాలీయూరియా గ్రీజు కొట్టకండి. రెండూ కలిసి పలచబడో గట్టిపడో పనికిరాకుండా పోవచ్చు. రెండువైపులా మూతలున్న జెడ్‌జెడ్, 2ఆర్‌ఎస్ బేరింగులకు గ్రీజు కొట్టనక్కర్లేదు, అరిగాక మార్చడమే.

మార్చేటప్పుడు పాతదాని నంబరు చివరి అక్షరాలతో సహా రాసుకోండి. 6308 సీ3 ఉన్నచోట ఉత్త 6308 వేయకండి. నడుస్తున్నప్పుడు లోపలి రింగు ఎక్కువ వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ చోటు కోసమే సీ3లో సందు ఎక్కువ ఇస్తారు. చివరి రెండు అంకెలు 04 గానీ అంతకు మించి గానీ ఉంటే, వాటిని 5తో గుణిస్తే లోపలి వ్యాసం వస్తుంది, 08 అంటే 40 మిల్లీమీటర్లు. కొత్తదాన్ని ఇండక్షన్ హీటరు మీద 80 నుంచి 110 డిగ్రీలకు వేడిచేసి షాఫ్టుకు ఎక్కించండి. మంట పెట్టకండి. సుత్తితో బయటి రింగు మీద కొట్టకండి. కొట్టిన ప్రతి దెబ్బా బాల్ దారిలో చిన్న గుంట చేస్తుంది, కొన్నాళ్లకే బేరింగ్ అరవడం మొదలవుతుంది.

కాలిన వైండింగ్‌ను చదవడం

మోటారు కాలిపోగానే విప్పి రాగి తీసేయకండి. ఎందుకు కాలిందో ఆ కాయిల్సే చెబుతాయి.

అన్ని కాయిల్సూ సమానంగా నల్లబడి ఉంటే ఓవర్‌లోడ్, షాఫ్టు జామ్, గాలి ఆడకపోవడం, తక్కువ వోల్టేజీ, వీటిలో ఒకటి. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల కాయిల్స్ మాడి, మూడోది కొత్తదానిలా మెరుస్తుంటే సింగిల్ ఫేజింగ్, అంటే నడుస్తుండగా ఒక ఫేజు పోయింది. డెల్టాలో ఇది తిరగబడుతుంది. ఒక ఫేజు కాయిల్స్ మాడి, రెండు బాగుంటాయి. ఇలాంటప్పుడు మోటారును మాత్రం రీవైండ్ చేయించి, ఫ్యూజు, కంటాక్టర్ పాయింట్లు చూడకుండా మళ్లీ కలిపితే కొత్త వైండింగ్ కూడా అలాగే పోతుంది. మిగతా అంతా బాగుండి ఒకే కాయిల్‌లో రాగి కరిగి ముద్దయితే చుట్ల మధ్య షార్ట్. వార్నిష్ లోపం గానీ, వీఎఫ్‌డీ నుంచి వచ్చే వోల్టేజీ పోట్లు గానీ కారణం కావచ్చు. స్లాటు అంచు దగ్గర నల్ల మచ్చ ఉంటే అక్కడ ఎర్త్ అయింది. స్టేటర్ (వైండింగ్ ఉండే కదలని భాగం) లోపలి గోడ ఒకవైపే గీసుకుపోయి మెరుస్తుంటే, ముందు పోయింది బేరింగ్. రోటర్ కిందికి దిగి స్టేటర్‌ను రాసుకుంది.

రీవైండ్ చేయించేటప్పుడు వైరు గేజి, చుట్ల సంఖ్య, కాయిల్ పిచ్ పాతవే ఉండాలి. పాత వైండింగ్ ఊడదీయడానికి స్టేటర్‌ను మంటలో వేయనివ్వకండి. ఓవెన్‌లో వేడి 360 డిగ్రీలు దాటకుండా చూడాలి. దాటితే స్టాంపింగుల (కోర్‌లోని పల్చని ఇనుప రేకుల) మధ్య ఉన్న ఇన్సులేషన్ పోయి, కోర్ నష్టాలు శాశ్వతంగా పెరుగుతాయి.

సింగిల్ ఫేజు మోటారు మూలుగుతూ కదలకుండా ఉండి, చేత్తో తిప్పితే అందుకుంటే కెపాసిటర్ గానీ సెంట్రిఫ్యూగల్ స్విచ్ గానీ చూడండి. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేశాకే కెపాసిటర్‌ను ముట్టుకోండి. కొత్తదానికి మైక్రోఫారడ్ అదే, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ ఉండాలి. స్టార్ట్ కెపాసిటర్‌ను రన్ కెపాసిటర్ చోట పెట్టకండి, అది కొన్ని సెకన్ల పనికే తయారైంది.

తడిసినా, పక్కన పెట్టినా

తడిసిన మోటారును నడిపి ఆరబెట్టకండి. ఉప్పునీళ్లు తగిలితే ముందు మంచినీళ్లతో కడగండి. తర్వాత బేరింగులు తీసి, స్టేటర్‌ను ఓవెన్‌లో 80 నుంచి 90 డిగ్రీల వేడిలో పెట్టి గంటకోసారి మెగ్గర్ రీడింగ్ రాయండి. మొదట్లో రీడింగ్ ఇంకా పడిపోతుంది, కంగారు పడకండి. వేడికి అది సహజం. తేమ పోయేకొద్దీ మళ్లీ పైకి లేస్తుంది. వరుసగా కొన్ని గంటలు ఒకేచోట నిలబడ్డాక తీసి చల్లారనిచ్చి, ఇంకోసారి కొలవండి.

స్పేర్‌గా పెట్టిన మోటారును పొడి చోట, కింది నేల వణకని చోట ఉంచండి. పక్క యంత్రాల అదురుకు, కదలకుండా ఉన్న బాల్స్ ఒకేచోట గుంటలు చేస్తాయి. నెలకోసారి షాఫ్టును చేత్తో కొన్ని చుట్లు తిప్పి, ముందు ఆగిన చోటు నుంచి పావు చుట్టు దూరంలో వదలండి. షాఫ్టు మీద సుద్దతో గీత పెట్టుకుంటే గుర్తుంటుంది.